‘ఎరెజ్’ నుంచి ‘దేవదారు’ వరకు: హీబ్రూ లేఖనాల్లో ఒక వృక్షప్రతీక

92వ కీర్తన నీతిమంతుని ఎదుగుదలను లెబానోను దేవదారుతో పోలుస్తుంది. 29వ కీర్తనలో అదే దేవదారును యెహోవా స్వరం ముక్కలు చేస్తుంది. యెషయా గ్రంథం 2వ అధ్యాయంలో అది గర్వానికి మారుపేరు, తీర్పు దినాన తలవంచవలసిన వాటిలో మొదటిది. ఒకే గ్రంథసంపుటిలో ఒకే చెట్టు ఇంత పరస్పర విరుద్ధమైన అర్థాలను మోయడం ఎలా సాధ్యం? బైబిలు ప్రతీకలను వివరించే నిఘంటువుల వంటి పుస్తకాలు ఈ ప్రశ్న జోలికి పోవు. ‘దేవదారు: నీతి, స్థిరత్వం, ఔన్నత్యం’ అని ఒక పంక్తిలో తేల్చివేస్తాయి. తెలుగు పాఠకునికి ఆ పంక్తి సహజంగానే తోస్తుంది, ఎందుకంటే చెట్టు పేరులోనే ‘దేవ’ శబ్దం ఉంది. మూలభాషలోని పేరులో అది లేదు. హీబ్రూలో ఈ చెట్టు పేరు ‘ఎరెజ్’. అరబ్బీలో ఇప్పటికీ ‘అర్జ్’ అంటారు. హీబ్రూ లేఖనాల్లో ఈ పదం 70కి పైగా చోట్ల కనిపిస్తుంది. ఆ ప్రయోగాలను ఒకచోట చేర్చి చూస్తే చెట్టు తనంత తానుగా పవిత్రమూ కాదు, అపవిత్రమూ కాదని తెలుస్తుంది. దానిని ఎవరు నాటారు, ఎవరు నరికారు, ఎవరి ఇంటికి దూలంగా చేర్చారు అన్నదాన్నిబట్టి దాని అర్థం నిర్ణయమవుతుంది. ఈ అంశాన్ని పరిశీలించి, తెలుగు అనువాదంలోని ‘దేవదారు’ శబ్దం ఈ వ్యవస్థను ఎక్కడ నిలబెట్టిందో, ఎక్కడ కప్పివేసిందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

చెట్టు, కలప, వెల

వృక్షశాస్త్రం ‘సెడ్రస్ లిబాని’ అని పిలిచే ఈ చెట్టు లెబానోను పర్వతాల ఎగువ భాగాల్లోనూ తురుష్కదేశపు టారస్ పర్వతాల్లోనూ సహజంగా పెరుగుతుంది. 40 మీటర్ల ఎత్తు వరకు ఎదగగలదు. వయసు మళ్ళినకొద్దీ కొమ్మలు అడ్డంగా, అంతస్తులుగా పరుచుకుంటాయి. కలపలోని సువాసనగల తైలం వల్ల దానికి పురుగు పట్టదు, త్వరగా కుళ్ళదు. పొడవైన దూలాలకు పనికివచ్చే చెట్లు అరుదైన ప్రాంతంలో ఇటువంటి కలప దొరకడమంటే బంగారం దొరకడమే. గీజా మహాపిరమిడ్ పక్కన 1954లో బయటపడిన ఖుఫు నౌక 43 మీటర్లకు పైగా పొడవున్నది. అందులో ఎక్కువ భాగం లెబానోను నుంచి తెచ్చిన ఈ కలపే. క్రీస్తుపూర్వం 11వ శతాబ్ది నాటి పరిస్థితులను చెప్పే ఈజిప్టు కథ ఒకటుంది. అందులో వెనామున్ అనే ఆలయోద్యోగి అమోన్ దేవుని పడవకు కలప కోసం బిబ్లోస్ వస్తాడు. దేవుని పేరు చెప్పినా అక్కడి రాజు కరగడు. పూర్వం తన తండ్రితాతలకు ఎంత చెల్లించారో లెక్కల పుస్తకం తెప్పించి మరీ చూపిస్తాడు. వెండి బంగారాలు, పపైరస్ చుట్టలు వచ్చిన తరువాతే 300 మంది మనుషులనూ 300 ఎద్దులనూ అడవికి పంపుతాడు. దేవుని పనికైనా దేవదారుకు వెల ఉంది. ఈ విషయం మనసులో పెట్టుకొని సొలొమోను కథ చదవాలి.

రాజుల మొదటి గ్రంథం 5వ అధ్యాయం దాదాపు ఒక వాణిజ్య ఒప్పందపత్రంలా సాగుతుంది. మ్రానులు నరకడంలో సీదోనీయులకు సాటి లేరని సొలొమోను ఒప్పుకుంటాడు. తూరు రాజు హీరాము కలపను తెప్పలుగా కట్టించి సముద్రం మీదుగా పంపిస్తాడు. దినవృత్తాంతాల రెండవ గ్రంథం ప్రకారం అవి యొప్పే రేవుకు చేరి అక్కడినుంచి యెరూషలేముకు ఎక్కాలి. ప్రతిఫలంగా ఏటేటా 20,000 కొర్ల గోధుమలు హీరాము ఇంటికి పోతాయి. ఈ పనికి ఇశ్రాయేలు నుంచి 30,000 మందిని వెట్టికి ఎత్తి, నెలకు 10,000 మంది చొప్పున వంతులవారీగా లెబానోనుకు పంపారు. చివరికి గలిలయలోని 20 పట్టణాలను కూడా సొలొమోను హీరాముకు ఇచ్చాడని, అతడు వచ్చి చూసి అవి నచ్చక పెదవి విరిచాడని 9వ అధ్యాయం చెబుతుంది. ధాన్యం, మనుషుల చెమట, భూమి అన్నీ ఈ దూలాల కింద ఉన్నాయి. ఆలయ వైభవాన్ని వర్ణించే వ్యాఖ్యాతలు ఈ లెక్కను సాధారణంగా వదిలిపెడతారు. గ్రంథకర్త మాత్రం వదలలేదు.

దేవుని ఇల్లు, రాజు ఇల్లు

ఆలయం లోపలి గోడలను నేలనుంచి కప్పుదాకా దేవదారు పలకలతో మూసి, రాయి అన్నది కంటికి కనబడకుండా చేశారు. పలకల మీద గుబ్బలు, వికసించిన పువ్వులు చెక్కారు (1 రాజులు 6:18). రాయి గుహను వనంగా మార్చే ప్రయత్నమిది. ఆలయం ఏదెను తోటకు ప్రతిరూపమన్న వ్యాఖ్యానానికి ఈ చెక్కడపు పనే ప్రధానాధారం.

కానీ మరుసటి అధ్యాయం తెరవగానే మరొక కట్టడం ఎదురవుతుంది. దాని పేరు ‘లెబానోను అరణ్యపు నగరు’. దేవదారు స్తంభాలు వరుసలు తీరి నిలబడడం వల్ల ఆ పేరు వచ్చింది. ఇది దేవునిది కాదు, రాజుది. ఆలయం పొడవు 60 మూరలు, వెడల్పు 20 మూరలు. ఈ నగరు పొడవు 100 మూరలు, వెడల్పు 50 మూరలు. ఆలయానికి 7 సంవత్సరాలు, రాజు సొంత ఇంటికి 13 సంవత్సరాలు పట్టాయని గ్రంథకర్త పక్కపక్కనే రాస్తాడు, వ్యాఖ్య చేయడు. వ్యాఖ్య లేకపోవడమే అక్కడి వ్యాఖ్య అని నా అభిప్రాయం.

నిజానికి ఈ మందలింపు సొలొమోను కంటే ముందే మొదలైంది. తాను దేవదారు మ్రానుల ఇంట్లో ఉండగా దేవుని మందసం డేరాలో ఉన్నదని దావీదు నొచ్చుకుంటాడు (2 సమూయేలు 7). నాతాను ద్వారా వచ్చిన సమాధానం అతని భక్తిని మెచ్చుకొనేది కాదు. ఐగుప్తు నుంచి ప్రజలతో కలిసి డేరాలో నడిచిన కాలమంతటిలో దేవదారు ఇల్లు కావాలని తాను ఎన్నడైనా ఎవరినైనా అడిగానా అని దేవుడు ప్రశ్నిస్తాడు. దేవదారు దేవుని కోరిక కాదు, రాజు కోరిక. రాజు తన ఇంటి ప్రమాణాన్ని దేవునికి ఆపాదిస్తున్నాడు.

ఈ ప్రశ్న నాలుగు శతాబ్దాల తరువాత యిర్మీయా నోట మరింత కఠినంగా వినిపిస్తుంది. యూదా రాజు యెహోయాకీము పనివాళ్ళకు కూలి ఇవ్వకుండా విశాలమైన మేడ కట్టించి, దానికి దేవదారు పలకలు పరచి, ఎర్రరంగు పూయించాడు. దేవదారు వాడకంలో పోటీపడితే రాజువైపోతావా అని ప్రవక్త అడుగుతాడు (22వ అధ్యాయం). అతని తండ్రి కూడా తిన్నాడు, తాగాడు, కానీ దీనుల వ్యాజ్యాలు న్యాయంగా తీర్చాడు, అంతేకదా నన్ను తెలుసుకోవడమంటే అన్నది ఆ ప్రవచనసారం. అదే అధ్యాయంలో రాజగృహాన్ని ‘లెబానోను’ అనే పిలిచి, శ్రేష్ఠమైన దేవదారులను నరికి నిప్పులో వేస్తారని హెచ్చరిక ఉంది. ఇక్కడ దేవదారు అలంకారమూ కాదు, ఉపమానమూ కాదు. అది గోడకు కొట్టిన పలక, ఎగ్గొట్టిన కూలి.

యెషయా 9వ అధ్యాయంలో సమరయవాసుల బింకం కూడా ఈ కోవలోనిదే. మేడిచెట్ల దూలాలు పోతే దేవదారు దూలాలు వేసుకొంటామని వారు అంటారు. మేడి సామాన్యుని కలప, దిగువ భూముల్లో విరివిగా దొరుకుతుంది. సొలొమోను కాలపు సంపద ఎంతటిదో చెప్పడానికి దేవదారు మేడి అంత సామాన్యమైపోయిందని రాజుల గ్రంథం అనడంలోని పోలిక ఇప్పుడు స్పష్టమవుతుంది. పతనం తరువాత కూడా ఒక మెట్టు పైకే ఎక్కుతామన్న ధీమాను ప్రవక్త రెండు చెట్ల పేర్లతో పట్టుకున్నాడు.

గొడ్డలి చప్పుడు

దేవదారు రాజసానికి గుర్తు కావడంతో చెట్ల కథలన్నిటిలో అది రాజస్థానంలో నిలబడుతుంది. న్యాయాధిపతుల గ్రంథంలో యోతాము చెప్పిన కథలో ఒలీవ, అంజూరు, ద్రాక్ష రాజ్యాధికారాన్ని నిరాకరిస్తే ముండ్లపొద అంగీకరిస్తుంది. తనలోనుంచి అగ్ని పుట్టి లెబానోను దేవదారులను కాల్చివేస్తుందని బెదిరిస్తుంది కూడా. రాజుల రెండవ గ్రంథంలో ముండ్లచెట్టు దేవదారుతో వియ్యమందాలని కబురు పంపుతుంది. ఇంతలో ఒక అడవిమృగం వచ్చి దానిని తొక్కి పోతుంది. కథ చెప్పినవాడు ఇశ్రాయేలు రాజు యెహోయాషు, దేవదారు అతడే, ముండ్లచెట్టు యూదా రాజు అమజ్యా. తనను తాను దేవదారుగా చెప్పుకొనే రాజు కథ చెప్పినప్పుడు ఆ చెట్టు నీతికి ప్రతీక అనుకోవడం కష్టం.

ఈ రాజరూపకం యెహెజ్కేలు చేతిలో పరాకాష్ఠకు చేరుకుంది. క్రీస్తుపూర్వం 587కు చెందిన 31వ అధ్యాయం ఫరోను ఉద్దేశించినది. అగాధజలాలు పోషించిన ఒక మహావృక్షం మేఘాలను అంటుతుంది. పక్షులు కొమ్మల్లో గూళ్ళు కడతాయి, మృగాలు నీడలో ఈనుతాయి, జనాంగాలు దాని కింద బతుకుతాయి. ఏదెను వృక్షాలే దానిని చూసి అసూయపడతాయి. ఆ తరువాత పరదేశులు వచ్చి నరుకుతారు. కొమ్మలు లోయల్లో విరిగిపడతాయి, నీడలో ఉన్న జనాంగాలు దిగి వెళ్ళిపోతాయి, ఒకప్పుడు గూడు కట్టిన పక్షులు ఇప్పుడు మోడు మీద వాలతాయి. ఎదుగుదలను ఎంత ఇష్టంగా వర్ణించాడో పతనాన్నీ అంతే శ్రద్ధతో వర్ణించాడు. ఈ కావ్యఖండంలో చెట్టు పట్ల ద్వేషం లేదు. దానికి అందం ఇచ్చినది తానేనని దేవుడే అంటాడు. పతనానికి కారణం ఎత్తు కాదు, ఎత్తును చూసి హృదయం ఉప్పొంగడం.

ఇక్కడ ఒక పాఠ సమస్య ఉంది. మనకు సంక్రమించిన హీబ్రూ పాఠంలో ఆ చెట్టు ‘అష్షూరు’, అంటే అస్సీరియా సామ్రాజ్యం. కొందరు పండితులు ఒక అక్షరం చేర్చి దానిని ‘తెఅష్షూర్’ అనే చెట్టు పేరుగా సవరిస్తారు. అప్పుడు అస్సీరియా తప్పుకొని, చెట్టు నేరుగా ఫరో అవుతుంది. సవరణ తెలివైనదే. అయినా సంక్రమిత పాఠమే బలమైనదని నాకు తోస్తుంది. అస్సీరియా రాజధాని నీనెవె క్రీస్తుపూర్వం 612లో కూలింది. పాతికేళ్ళ కిందటి ఆ పతనం శ్రోతల కళ్ళముందు ఉన్నదే. ‘నువ్వు ఎవరిలా ఉన్నావు’ అని ఫరోను అడిగి, అప్పటికే కూలిన మరొక చెట్టును చూపించడంలో ఉన్న దెబ్బ సవరించిన పాఠంలో ఉండదు.

ప్రవక్తల ఊహకు వెనుక నిజమైన గొడ్డళ్ళు ఉన్నాయి. లెబానోను శిఖరాలెక్కి దేవదారులను నరికానని సన్హెరీబు ప్రగల్భాలు పలికినట్టు రాజుల రెండవ గ్రంథం 19వ అధ్యాయం చెబుతుంది. లెబానోనులోని వాదీ బ్రీసా అనే లోయలో రాతిమీద నెబుకద్నెజరు చెక్కించిన శాసనం నేటికీ ఉంది. కొండలను చీల్చి దారి వేసి దేవదారులను బబులోనుకు తరలించిన ఘనతను అతడు అందులో చాటుకున్నాడు. ఈ నేపథ్యంలో యెషయా 14వ అధ్యాయంలోని చిన్న దృశ్యం చదవాలి. బబులోను రాజు చచ్చాడని తెలిసి దేవదారులూ తోటి చెట్లూ సంతోషిస్తాయి. అతడు పడుకున్నప్పటి నుంచి తమను నరకడానికి ఎవడూ కొండ ఎక్కి రావడం లేదని చెప్పుకుంటాయి. మిగతా చోట్లన్నిటా దేవదారు రాజు. ఇక్కడొక్కచోట అది రాజు చేతిలో బాధితురాలు. పర్యావరణ సాహిత్య విమర్శ గురించి పరిశోధిస్తున్నవారు ఈ భాగాన్ని తప్పక చూడాలి. చెట్టు చేత మాట్లాడించి, ఆ మాటలో సామ్రాజ్య చరిత్రను ఇమిడ్చిన ప్రాచీన రచనల్లో ఇది ఒకటి.

నరికేవారు ఆ తరువాతా ఆగలేదు. రోమన్ చక్రవర్తి హాడ్రియన్ నాలుగు జాతుల చెట్లను చక్రవర్తి సొత్తుగా ప్రకటిస్తూ లెబానోను కొండల్లో రాళ్ళమీద చెక్కించిన హద్దు శాసనాలు 200 దాకా దొరికాయి. ఇప్పుడు ఖదీషా లోయ ఎగువన మిగిలిన వనాన్ని స్థానికులు ‘అర్జ్ అర్‌రబ్’, అంటే ‘ప్రభువు దేవదారులు’ అంటారు. 1998లో అది యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

హిస్సోపు పక్కన

లేవీయకాండము 14లో కుష్ఠు శుద్ధికీ, సంఖ్యాకాండము 19లో ఎర్రని పెయ్య బూడిదకూ దేవదారు కర్ర, ఎర్రని నూలు, హిస్సోపు కావాలి. అరణ్యప్రయాణంలో ఉన్నవారికి లెబానోను కలప ఎక్కడిదన్న సందేహం సహజం. ఎడారి కొండల్లో పెరిగే జునిపర్ జాతి చెట్టు కర్రనే అక్కడ ఎరెజ్ అన్నారని పలువురి అభిప్రాయం. హీబ్రూ పేరు కూడా ఒకే చెట్టుకు కట్టుబడి లేదన్నమాట.

కొండమీది మహావృక్షం, గోడపగుళ్ళలో మొలిచే చిన్న మొక్క ఒకే క్రతువులో ఎందుకు కలిశాయి? 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ, ఈ రోగం అహంకారానికి ఫలమని, దేవదారులా విర్రవీగినవాడు హిస్సోపులా తనను తగ్గించుకోవాలని వివరించాడు. తాల్ముద్‌లోని తానిత్ భాగం మరింత ముందుకు వెళ్ళి, మనిషి దేవదారులా బిరుసుగా కాక రెల్లులా మెత్తగా ఉండాలని బోధిస్తుంది. తోరా చుట్టలు రాసే కలం రెల్లుతో చేసే గౌరవం అందుకే దక్కిందట. యూదు సంప్రదాయం దేవదారును ఎంత జాగ్రత్తగా చూసిందో దీనివల్ల తెలుస్తుంది.

తెలుగు పేరు తెచ్చిన నీడ

‘ఎరెజ్’కు తెలుగు అనువాదకులు ‘దేవదారు’ను ఎంచుకోవడం వృక్షశాస్త్రపరంగా చక్కని ఎంపిక. హిమాలయ దేవదారు (సెడ్రస్ దేవదార) లెబానోను చెట్టుకు అదే ప్రజాతిలోని బంధువు. మలయాళ, కన్నడ అనువాదాలూ ఇదే దారిలో నడిచాయి. తమిళ బైబిలు మాత్రం గ్రీకు ‘కెద్రోస్’ నుంచి వచ్చిన ‘కేదురు’ శబ్దాన్ని అలాగే ఉంచుకుంది. తమిళ పాఠకునికి ఆ చెట్టు పరాయిది, కనుక దాని అర్థాన్ని గ్రంథం నుంచే నేర్చుకుంటాడు. తెలుగు పాఠకునికి అది ముందే తెలిసిన పేరు. లేవీయకాండపు ఒకే వచనంలో హిస్సోపును లిప్యంతరం చేసి, ఎరెజ్‌ను దేశీయం చేసిన మన అనువాదం ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కనే చూపిస్తుంది.

ఆ తెలిసిన పేరు వెంట వచ్చినవి ఏమిటి? అమరకోశం దేవదారుకు శక్రపాదపం, భద్రదారు, పీతదారు, పూతికాష్ఠం వంటి పర్యాయాలు ఇస్తుంది. మొదటిది ఇంద్రుని చెట్టు. కుమారసంభవంలో శివుడు తపస్సు చేసేది దేవదారు నీడలోని అరుగు మీద. రఘువంశం రెండవ సర్గలో ఒక దేవదారును శివుడు కొడుకుగా స్వీకరిస్తాడు, పార్వతి దానికి నీళ్ళు పోసి పెంచుతుంది. అడవి ఏనుగు ఒళ్ళు రుద్దుకొని బెరడు ఊడదీస్తే కాపలాగా సింహాన్ని నిలుపుతారు. మన బైబిలు చాలాచోట్ల దేవదారు పక్కన ‘సరళవృక్షం’ అనే మాటను వాడుతుంది. ఆ సరళమూ కుమారసంభవ హిమాలయంలోనిదే. లెబానోను అడవి తెలుగులోకి కాళిదాసు కొండదారిన వచ్చిందనిపిస్తుంది.

రెండు అడవుల మధ్య తేడా గొడ్డలిది. కాళిదాసు దేవదారు దేవుని బిడ్డ, దాని బెరడు చెక్కుకుపోయినా దేవి దుఃఖిస్తుంది. హీబ్రూ దేవదారును దేవుడే నాటాడు (104వ కీర్తన), దేవుడే విరుస్తాడు. గర్వభంగం మన సాహిత్యంలో లేకపోలేదు. శ్రీనాథుని హరవిలాసంలో దారుకావన విహార కథ ఉంది. అక్కడ భిక్షువుగా వచ్చిన శివుని ముందు అణగవలసింది మునుల గర్వం. వనం కాదు. చెట్టునే గర్విష్ఠిగా నిలబెట్టి నరికించే ఊహ ఈ సంప్రదాయానికి కొత్త. అందువల్ల తెలుగులో యెషయా 2వ అధ్యాయం చదివినప్పుడు, దేవుడు దేవవృక్షాన్ని ఎందుకు అణచాలన్న ఒక చిన్న తడబాటు కలుగుతుంది. మూలశ్రోతకు ఆ తడబాటు లేదు. అతడు విన్నది రాజమందిరపు కలప పేరు. తెలుగు నేల మీద ఆ హోదా ఉన్నది టేకుకు. టేకు అని ఉంటే వెల తెలిసేది, కొండశిఖరపు ఎత్తు పోయేది. ఏది పోగొట్టుకోవాలన్నది అనువాదకుని నిర్ణయం. 80, 104 కీర్తనల్లో ఎరెజ్‌ను నేరుగా దేవునితో ముడిపెట్టిన ప్రయోగాలు ఉన్నాయి కనుక ‘దేవదారు’ మూలానికి పూర్తిగా దూరమైనదీ కాదు.

కొత్త నిబంధనలో దేవదారు లేదు. యోహాను 18:1లో కెద్రోను వాగు పేరును కొన్ని గ్రీకు ప్రతులు ‘దేవదారుల వాగు’ అన్న అర్థం వచ్చేలా రాశాయి, అంతే. కానీ యెహెజ్కేలు 17వ అధ్యాయంలో దేవుడు దేవదారు చిటారు లేతకొమ్మను తుంచి ఇశ్రాయేలు కొండమీద నాటితే, సకల పక్షులూ వచ్చి దాని నీడలో గూళ్ళు కడతాయి. సువార్తల్లో అవే పక్షులు వచ్చి వాలేది ఆవచెట్టు కొమ్మల్లో. దేవదారు ఎదురుచూపులతో పెరిగిన శ్రోతల ముందు యేసు పెరటి మొక్కను నాటాడు.